మూసీ ఒడ్డు మాకూ కావాలి, టికెట్టు లేకుండా

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,



పురపాలక శాఖ కూడా మీ దగ్గరే ఉంది. మూసీ సంగతి ఇంకెవరికో రాస్తే, ఆ కాగితం నాలుగు ఆఫీసులు తిరిగి చివరికి మీ బల్ల మీదికే రావాలి. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను. మూసీని బాగుచేస్తామంటే నేను అడ్డం పడను. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని పెరిగినవాళ్ళెవరూ పడరు. ఒడ్డున పార్కు వద్దని కూడా అనను. నేను అడిగేది ఒకటే. నది పేరు చెప్పి ఖాళీ చేయించిన నేల నదికీ, చెట్లకీ, జనానికీ తప్ప ఇంకెవరికీ పోకూడదు. సభల్లో మీరు ఆ మాట అంటే చప్పట్లు కొడతాం, కానీ మాకు కావలసింది కాగితం మీద రాసిన మాట.

మా సంతోష్‌నగర్ నుంచి మూసీ పెద్ద దూరమేం కాదు. ఐ.ఎస్. సదన్, సైదాబాద్, చంచల్‌గూడ దాటి నల్గొండ చౌరస్తా చేరితే ఇక చాదర్‌ఘాటే. అయినా "అట్లా మూసీ ఒడ్డుకు పోయొద్దాం పదండి" అనే మాట మా ఇళ్ళల్లో వినపడదు. పిల్లలకు సెలవులొస్తే జూపార్కు, చుట్టాలొస్తే లుంబినీ పార్కు, ఎవరూ రాకపోయినా ఆదివారం మనసు గుంజితే ట్యాంక్‌బండ్. మొదటి రెండింటికీ టికెట్టు ఉంది. మూడోదానికి లేకపోయినా, ఇంటిల్లిపాదీ పోయి రావడానికి ఆటో కిరాయి అంతకు మించే అవుతుంది.

మా చుట్టుపక్కల ఖుల్లా జాగా ఎంత ఉందో మీ అధికారులను ఒకసారి పటం తీసి చూడమనండి. కంచన్‌బాగ్ వైపు చెట్లున్నాయి. అవి డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని ప్రహరీల లోపల ఉన్నాయి. దేశ రక్షణకు ఆ గోడలు కావాలి, కాదనను. 2021 డిసెంబర్‌లో ఒవైసీ ఆసుపత్రి కూడలి మీద అబ్దుల్ కలాం ఫ్లైఓవర్ తెరిచారు. బండ్లకు తొవ్వ దొరికింది, సంతోషం. నల్గొండ చౌరస్తా నుంచి ఒవైసీ కూడలి దాకా ఉక్కు వంతెన అన్నారు, దాని తవ్వకాల మట్టి ఏళ్ళ తరబడి మింగాం. ఇన్నేళ్ళలో మా దిక్కు వచ్చినవన్నీ బండ్ల మీద పోయేవాళ్ళ కోసమే వచ్చాయి. నడిచేవాళ్ళకు, కూర్చునేవాళ్ళకు ఏమీ రాలేదు. షుగర్ ఉందని డాక్టరు నడవమంటే మా ఆడవాళ్ళు పొద్దున ఐదింటికి లేచి, పాల బండ్ల మధ్యనుంచి, కుక్కలను తప్పించుకుంటూ రోడ్డు మీదే నడుస్తారు. పోరగాళ్ళు గల్లీలో క్రికెట్ ఆడి అద్దాలు పగలగొట్టి తిట్లు తింటారు. ముసలివాళ్ళయితే దుకాణం అరుగు మీద కూర్చుంటారు, దుకాణదారు మంచివాడైతేనే.

పార్కు లేకపోతే ఎవరూ చావరని మీ ఆర్థిక శాఖలో ఎవరైనా అంటే, వాళ్ళను ఉస్మానియా దవాఖానా ఆవరణలో, అఫ్జల్ పార్కులో ఉన్న చింతచెట్టు దగ్గరికి తీసుకుపోండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. నగరంలో ఆ వరదకు పోయినవాళ్ళు 15 వేల దాకా ఉంటారని అంచనా. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్ళ ముందే తల్లి, భార్య, కూతురు నీళ్ళపాలయ్యారు, ఇంట్లో ఆయన ఒక్కడే మిగిలాడు. ఏటా సెప్టెంబర్ 28న నగరాన్ని ప్రేమించే కొందరు ఆ చెట్టు కింద చేరి పోయినవాళ్ళను తలచుకుంటారు. ఈసారి మీరూ రండి.

ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1909లో ఆయన వచ్చి లెక్క తీశాడు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయి. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి ఇంకోదాని మీద పడటం, చివరికి అంతా కలిసి బేగంబజార్, అఫ్జల్‌గంజ్‌ల మీద పడటం. ఈ లెక్క మా దిక్కువాళ్ళకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్ళలోకి నీళ్ళు దూకినప్పుడు చూశాం. నీటికి చోటు వదలకపోతే అది వచ్చి మన చోటు తీసుకుంటుందని అప్పుడు మాకు ఇంజనీర్లెవరూ చెప్పనవసరం లేకపోయింది.

విశ్వేశ్వరయ్య చెప్పినట్టు ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అందరికీ గుర్తున్నది ఇంతే. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. నగరంలో నది ఒడ్లను ఎత్తు చేసి, గోడలు కట్టి, వాటి వెంట రోడ్లు, తోటలు వేయమన్నాడు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ పని చేపట్టింది. హైకోర్టు, ఉస్మానియా దవాఖానా, సిటీ కాలేజీ భవనాలు ఒడ్డుకు వచ్చాయి, వాటి ముందర పచ్చిక వచ్చింది. అంటే మూసీ ఒడ్డున పార్కు సింగపూర్ కన్సల్టెంట్లు మొన్న కనిపెట్టింది కాదు. నూరేళ్ళ కిందట ఈ నగరమే వేసుకున్న పథకం, సగం కట్టి వదిలేసిన పథకం. ఆ రాతి గోడలు హైకోర్టు వెనక ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. గోడ మీద నిలబడి కిందికి చూసేవాళ్ళే కరువయ్యారు.

నూరేళ్ళలో ఆ పథకానికి ఏమైందో చెప్పాలంటే ఇమ్లీబన్ దగ్గర ఆగాలి. నది రెండు పాయల మధ్య చింతలుండిన చోట 1990లలో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వచ్చింది. 2018 సెప్టెంబర్‌లో దాని పక్కనే మెట్రో స్టేషన్ తెరిచారు. రెండూ జనానికి పనికొచ్చేవే, నేనూ ఎక్కి దిగుతుంటాను. కానీ 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే ఏమైంది? మూసీ బస్టాండులోకి వచ్చి కూర్చుంది. అర్ధరాత్రి ప్రయాణికులను బయటికి తేవాల్సి వచ్చింది, బస్సులు ఊరి చివర్ల నుంచే మళ్ళించారు. అదే వరదకు చాదర్‌ఘాట్ మూసానగర్‌లో ఇళ్ళూ మునిగాయి.

ఇక్కడే నా గొంతు కొంచెం పెరుగుతుంది, క్షమించాలి. నదిలో బస్టాండు కట్టిన ప్రభుత్వమే నది ఒడ్డున గుడిసె వేసుకున్నవాణ్ణి కబ్జాదారు అంది. 1990ల చివర్లో నందనవనం అన్న పథకం వచ్చింది. మూసీలో తోటలు వేస్తామన్నారు. ఒడ్డున ఉన్నవాళ్ళను లేపి దూరంగా కర్మన్‌ఘాట్ దిక్కు పంపారు. ఆ రోజుల్లోనే ఇళ్ళు పోయినవాళ్ళ పక్షాన, నది పక్షాన 'సేవ్ మూసీ' అని ఉద్యమం నడిచింది. మూసీలో నందనవనం రాలేదు. కర్మన్‌ఘాట్‌లో నందనవనం కాలనీ మాత్రం ఉంది, అప్పుడు లేపి పంపినవాళ్ళ పిల్లలు అక్కడ పెరిగి పెద్దవాళ్ళయ్యారు. తర్వాత 2024లో మీ హయాంలో మళ్ళీ గోడల మీద ఎర్ర రంగుతో, నదీగర్భంలోని ఇల్లని గుర్తుగా, ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. శంకర్‌నగర్, మూసానగర్‌లలో కొన్ని ఇళ్ళు కూలాయి. మలక్‌పేట పిల్లిగుడిసెల డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు కొందరు వచ్చారు. మాకు దగ్గరే. మోరీ వాసన లేని ఇల్లు దొరికిందని సంబరపడేవాళ్ళూ ఉన్నారు, పని చేసే ఇళ్ళు దూరమైపోయాయని కుమిలేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ అడిగేది కూడా ఒకటే: మమ్మల్ని లేపిన జాగాలో ఏం కడతారు?

ఆ ప్రశ్నకు జవాబు "పార్కు" అయితే, లేచిపోయినవాళ్ళు కనీసం అందులోకి వచ్చి కూర్చోగలగాలి. జవాబు "హోటలు, మాల్, అద్దాల టవరు" అయితే అది నదిని కాపాడటం ఎట్లా అవుతుందో మీరే చెప్పాలి.

2024 అక్టోబర్‌లో మీ మంత్రులు, అధికారులు, వెంట విలేకరులూ సియోల్ పోయి వచ్చారు. పోవడాన్ని వెక్కిరించేవాళ్ళు వెక్కిరించారు, నేను వెక్కిరించను. చూసి నేర్చుకోవడం మంచిదే, కాకపోతే ఏం చూశారన్నది ముఖ్యం. చియోంగ్‌గైచియాన్ వాగు ఫొటోలు మన పేపర్లలో బాగా వచ్చాయి. 2005లో తెరిచిన ఆ వాగు ఆరు కిలోమీటర్లకు లోపే, అందులో పారేవి ఎక్కువగా హాన్ నది నుంచి మోటార్లతో ఎక్కించే నీళ్ళు. మనం నేర్చుకోవలసింది వాగు దగ్గర కాదు, హాన్ నది ఒడ్డు పార్కుల దగ్గర. అక్కడ లోపలికి పోవడానికి టికెట్టు లేదు. వానాకాలంలో నది పొంగితే ఆ పార్కులు మునుగుతాయి. మునుగుతాయని తెలిసే కట్టారు. గేట్లు మూసి, జనాన్ని పంపించి, నీళ్ళు తీశాక బురద కడిగి మళ్ళీ తెరుస్తారు. బాన్‌పో వంతెన కింద జాంసూగ్యో అని ఇంకో వంతెన ఉంది. 1976లో కట్టినప్పుడే వరదలో మునగడానికి సిద్ధపడి కట్టింది. మన చాదర్‌ఘాట్ కాజ్‌వే కూడా మునుగుతుంది, కానీ మన దగ్గర మునగడం ప్రతిసారీ బ్రేకింగ్ న్యూస్.

నేను చెప్పదలచిన పార్కు అటువంటిది. గడ్డి, చెట్లు, మట్టి బాట, రాతి బెంచీలు. ఏడాదిలో నాలుగు రోజులు నది వచ్చి వాడుకుని పోయినా పాడవనివి. సిమెంటు జిరాఫీలు, రంగుల ఫౌంటెన్లు, 'ఐ లవ్ మూసీ' అని వెలిగే అక్షరాలు వద్దు. దయచేసి వద్దు. మొదటి వరదకే వాటి వైర్లు తెగుతాయి, రెండో వరదకు మరమ్మతు టెండరు వస్తుంది. చెట్లంటే చింత, వేప, కానుగ, నేరేడు నాటించండి. 2022లో ప్రభుత్వమే వద్దని ఆపేసిన కోనోకార్పస్‌ను పచ్చగా కనిపిస్తుందని మళ్ళీ తేకండి.

సియోల్ కంటే దగ్గరలో అహ్మదాబాద్ ఉంది. సబర్మతి రివర్‌ఫ్రంట్ చూసి వచ్చినవాళ్ళు బాగుందనే చెబుతారు. నడవడానికి బాగానే ఉంటుంది. కానీ అక్కడ నది వెడల్పును రెండు గోడల మధ్య 263 మీటర్లకు బిగించి, మిగిలిన నేలను పైకి తీశారు. ఆ నేలలో కొంత అమ్మి ఖర్చు రాబట్టుకోవాలన్నది అక్కడి లెక్క. నదిలో నిండుగా కనిపించేవి నర్మద కాలువ నీళ్ళు. ఆ లెక్క మూసీకి వద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. నేల అమ్మితేనే ప్రాజెక్టు నడుస్తుందంటే ప్రాజెక్టును చిన్నది చేయండి. ఐదేళ్ళ పనిని పదిహేనేళ్ళు చేసినా మేం ఆగుతాం. మాకు ఆగడం అలవాటే.

ఇప్పుడు అసలు సంకటం చెబుతాను. మీ మొదటి దశ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నుంచి బాపూఘాట్ దాకా, 21 కిలోమీటర్లు. ఈసీ, మూసా కలిసే ఆ చోట 1948లో గాంధీజీ అస్థికలు కలిపారు, అక్కడ గాంధీ సరోవర్ కడతామంటున్నారు. బాగుంది. కానీ బాపూఘాట్‌కు ఎగువన ఉన్నది పడమటి హైదరాబాద్. అక్కడ గేటెడ్ కాలనీలున్నాయి, వాటిలో సొంత పార్కులున్నాయి. నది మురికి, ఇరుకు, జనం అన్నీ కలిసి ఉండేది బాపూఘాట్‌కు దిగువన, పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ మీదుగా నాగోల్ దాకా. పార్కు ఎక్కువ అవసరమైనవాళ్ళు రెండో దశలో, మూడో దశలో ఉన్నారు. రెండో దశ అనే మాట పాతబస్తీ చెవులకు ఎట్లా వినిపిస్తుందో తెలియాలంటే పాతబస్తీ మెట్రో కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో మీ ఫైళ్ళలోనే చూడండి.

అందుకని ఒక చిన్న పని ముందు చేయండి. దీనికి ఎవరి ఇల్లూ కూల్చనక్కర్లేదు. కొత్త హైకోర్టుకు 2024లో రాజేంద్రనగర్‌లో పునాది వేశారు, అందుకు వ్యవసాయ విశ్వవిద్యాలయం 100 ఎకరాలు వదులుకుంది. కొత్త ఉస్మానియా దవాఖానాకు 2025 జనవరిలో గోషామహల్‌లో మీరే శంకుస్థాపన చేశారు, అందుకు అక్కడి బస్తీలు ఒక మైదానం వదులుకున్నాయి. రెండూ కదిలాక, మూసీకి అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా రెండు పెద్ద ఆవరణలు ఖాళీ అవుతాయి. భవనాలు వారసత్వ సంపద, వాటిని ముట్టుకోవద్దు. ఏం చేయాలో నిపుణులు చెబుతారు. భవనాల వెనక నది దాకా ఉన్న నేలను మాత్రం రెండు వైపులా కలిపి, చింతచెట్టును మధ్యలో పెట్టుకుని, ఒకే పార్కుగా ప్రకటించండి. నయాపూల్ మీదుగా అటు నుంచి ఇటు నడవనివ్వండి. పక్కనే సాలార్‌జంగ్ మ్యూజియం, కాస్త ముందుకు పోతే చార్మినార్. దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళు నీడలో ఒక పూట గడుపుతారు, మా సంతోష్‌నగర్ వాళ్ళు బస్సెక్కి వచ్చి సాయంత్రం కూర్చుంటారు.

సాయంత్రం అన్నాను కాబట్టి వేళల సంగతి. ఆరింటికి ఈల ఊది బయటికి తోలే పార్కు పాతబస్తీకి పనికిరాదు. ఇక్కడ ఆడవాళ్ళకు తీరిక దొరికేది వంట, నమాజు, పిల్లల చదువు అయ్యాకే. రంజాన్ నెలలో ఈ ఊరు సహరీ దాకా మేలుకునే ఉంటుంది. దీపాలు, ఆడ కాపలాదారులు, నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు, ఈ మూడూ ఉంటే రాత్రి పదింటికీ పార్కు నిండుతుంది. లేకపోతే చీకటి పడేసరికి అది తాగుబోతులదవుతుంది, ఆ తర్వాత ఆడవాళ్ళు పగలు కూడా రారు.

ఇక నీళ్ళు. వాసన కొట్టే నది పక్కన ఎన్ని పూలు నాటినా ఎవరూ కూర్చోరు. 2021లో 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్లు మంజూరయ్యాయి. అవన్నీ పూర్తి సామర్థ్యంతో నడుస్తున్నాయా, ఏ నాలా నీరు ఎక్కడ శుద్ధి అవుతోంది, ఏ నాలా నేరుగా మూసీలో పడుతోంది అన్నది ప్రతి వంతెన దగ్గరా బోర్డు పెట్టి చూపించండి. గోదావరి రెండు, మూడు దశల్లో తెచ్చే 20 టీఎంసీలలో రెండున్నర టీఎంసీలు మూసీకి వదులుతామన్నారు. నాలాలు ఆపకుండా గోదావరిని తెచ్చి మూసీలో పోయడం, కుళాయి కట్టేయకుండా ఇంట్లో నేల తుడిచినట్టే. అంత దూరం నుంచి కరెంటు ఖర్చుతో ఎత్తిపోసిన నీళ్ళు మురికిలో కలిసి సూర్యాపేట రైతుల పొలాలకు పోతాయి. వాళ్ళూ మీ ప్రజలే. సద్దుల బతుకమ్మ నాడు మా ఆడబిడ్డలు పూలు తీసుకుని మూసీకి దిగగలిగిన ఏడాది ప్రాజెక్టు గెలిచిందని నేను ఒప్పుకుంటాను. డ్రోన్ వీడియో చూసి ఒప్పుకోను.

ఎగువ సంగతి కూడా ఒక్క ముక్క. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు కాపాడిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను 2022లో గత ప్రభుత్వం ఎత్తేసింది. ఆ నిర్ణయం మీది కాదు. దాన్ని అట్లాగే ఉంచడం మాత్రం మీదే అవుతుంది. పైన కాంక్రీటు పోసుకుంటూ కింద ఒడ్డును అందంగా చేస్తే, 2025 సెప్టెంబర్ నాటి బస్టాండు గతే కొత్త పార్కుకూ పడుతుంది.

ముఖ్యమంత్రి గారూ, మీరు చేయగలిగినది ఇది. బాపూఘాట్ నుంచి నాగోల్ దాకా మూసీ కోసం సేకరించిన, సేకరించబోయే ప్రతి గజం నేల సర్వే నంబర్లతో సహా ఒక జీవోలో ప్రకటించండి. ఈ నేల అమ్మకానికి, లీజుకు, ప్రైవేటు నిర్మాణానికి పనికిరాదని, ఇందులో వేసే పార్కులకు ప్రవేశ రుసుము ఉండదని, ఇళ్ళు వదిలి పోయినవాళ్ళ కుటుంబాలకు తోట పనిలో, కాపలా పనిలో మొదటి హక్కు ఉంటుందని అందులో రాయించండి. దాన్ని శాసనసభలో పెట్టి చట్టం చేయండి, రేపు ఇంకో ముఖ్యమంత్రి వచ్చి ఒక్క సంతకంతో మార్చలేకుండా. తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేసి చాదర్‌ఘాట్‌లో, పిల్లిగుడిసెల్లో, కర్మన్‌ఘాట్ నందనవనంలో గోడలకు అంటించండి. ఎర్ర రంగుతో గుర్తులు వేయడానికి ఆ గోడల దాకా పోయిన సిబ్బంది ఈ కాగితం అంటించడానికీ పోగలరు.

ఒడ్డున మొదటి కాంట్రాక్టు మీద సంతకం పడకముందే ఈ పని జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
సంతోష్‌నగర్ నివాసి,
హైదరాబాద్